బకెట్టు వేడి

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు తప్పినా, కథ మెల్లగా నడిచినా ఏమీ అనుకోకండి.

రేకు బకెట్టు అల మీద బోర్లా పడింది. తాడు విదిలించగానే మునిగి, నిండి పైకొచ్చింది. అతను దాన్ని రేవు మెట్ల మీంచి షెడ్డుదాకా చుక్క తొణక్కుండా తెచ్చి, గుమ్మం పక్కన ఎండలో దించాడు. ఇసుక అడుక్కి చేరేదాకా టీ తాగాడు. అప్పుడు థర్మామీటరు ముంచి, అంకె చూసి పుస్తకంలో రాశాడు. దీవి మీది పరిశోధన కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా పొద్దున ఏడింటికీ, మధ్యాహ్నం రెండింటికీ అతని పని అదే. అందరికీ అతను బకెట్టు బాబాయి.

"నా ఒళ్లు కాలితే చెయ్యేసి చూడ్డానికి తీరదు గానీ, సముద్రానికి మాత్రం పూటపూటా చూస్తారు" అంది భార్య.

"నువ్వు నోరు తెరిచి చెప్పగలవు. అది చెప్పలేదు కదే."

దీవి చుట్టూ నీళ్లలోని పగడాలు ఏటేటా తెల్లబడి చచ్చిపోయాయి. ఇక చూడ్డానికేమీ లేదని కేంద్రం మూసేస్తున్నారు. చివరి పరిశోధకురాలు ఆ సాయంత్రం పడవకు వెళ్లిపోతోంది. పగడాలు ఎందుకు పోయాయో తేల్చేది అతని పుస్తకాలేనని, పదహారింటినీ పెట్టెలో సర్దుకుంది. ఆ మాట విన్నప్పటినుంచీ అతను రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.

వీడ్కోలు చెప్పడానికొచ్చిన ఆమె, ఎండలో ఉన్న బకెట్టును చూసి గుమ్మంలో ఆగిపోయింది.

"రోజూ ఇలాగే చూస్తారా బాబాయ్?"

"ఇలాగేనమ్మా. మెట్ల దగ్గర అలకి కొట్టుకుని మొదటేడే ఒక థర్మామీటరు పగిలింది. అప్పట్నుంచీ ఇక్కడికి తెచ్చి, తేరనిచ్చి చూస్తాను. మళ్లీ ఒక్కటీ పగల్లేదు."

ఆమె బకెట్టు అంచు తాకింది. వెచ్చగా ఉంది.

"ఇది సముద్రం వేడి కాదు బాబాయ్, బకెట్టు వేడి. ఒక్క డిగ్రీలోనే ఉంది పగడాల చావూ బతుకూ."

"మబ్బు రోజులున్నాయిగా. అవైనా పనికిరావా?"

"ఏ రోజు మబ్బో రాశారా?"

రాయలేదు. రాయమని ఎవరూ చెప్పలేదు.

ఆమె పుస్తకాలు పెట్టెలోంచి తీసి, బల్ల మీద దొంతరగా పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అతను అన్నం ముట్టలేదు. రెండింటికి మెట్లు దిగాడు. బకెట్టు లాగి, అక్కడే తన వీపు ఎండకు అడ్డం పెట్టి థర్మామీటరు ముంచాడు. పొద్దుటికంటే ఒక డిగ్రీ తక్కువ. అంకె అరచేతి మీద రాసుకున్నాడు.

మూడయినా రాకపోతే భార్య వెతుక్కుంటూ వెళ్లింది. మెట్టు మీద గోడకు చేరగిలి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. నుదుటి మీద చెయ్యేసి చూసింది. వెచ్చగానే ఉంది. అది ఎండ వేడి, అతని ఒంటి వేడి కాదు.

సాయంత్రం పరిశోధకురాలి పెట్టెలు పక్కకు జరిపి, పడవలో అతన్ని పడుకోబెట్టారు. రేవు మెట్టు మీద రేకు బకెట్టు అలాగే ఉండిపోయింది, అందులో థర్మామీటరు పగలకుండా అంచుకు ఆనుకుని.

బకెట్టు బాబాయి భార్య,
అరవై ఒక్క ఏళ్లు,
ఇప్పుడు అవతలి ఒడ్డున కూతురి దగ్గర.