అడవి ఊడ్చినవాడు

కుడి నుంచి ఎడమకు మూడు ఊడ్పులు, ఒక అడుగు ముందుకు. చీపురు మామ పొద్దుటి నుంచీ అదే వరసన అడవి ఊడుస్తున్నాడు. నిలువెత్తు కర్రకు కట్టిన పుల్లల చీపురు. చేతులు పట్టే చోట కర్ర అద్దంలా నున్నబడింది. ఎనిమిది అడుగుల వెడల్పున ఎండుటాకంతా పక్కకు నెట్టి ఎర్రమట్టి తేలిస్తే, మంట అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ దొరక్క చచ్చిపోతుంది. ముప్పై ఒక్క వేసవులుగా అతని ఉద్యోగం ఇంతే.

అవతలి గుట్ట వెనక పొగ లేస్తోంది. మధ్యాహ్నానికి గాలి ఇటు తిరుగుతుంది. ఇంకా రెండు వందల అడుగులు మిగిలింది.

అన్నం గిన్నె తెచ్చిన భార్య బండ మీద చతికిలబడింది.

"ఇంట్లో ఏనాడైనా చీపురు ముట్టుకున్నావా? అడవికి మాత్రం వాకిలి చిమ్మి పెడతావు."

"ఇల్లు తగలబడదుగా."

"నాకే తగలబెట్టాలనిపిస్తోందిలే! పొగ దగ్గరికి పోతే గుండె ఒప్పుకోదని డాక్టరు చెప్పాడా లేదా?"

అతను దగ్గాడు. అదే జవాబు.

ఇంతలో ఫారెస్టు గార్డు వచ్చి బండి ఆపాడు. "మామా, దిగిపోదాం రా. వచ్చేవారం ఆకులు ఊదే మిషను వస్తోంది."

"మంట వచ్చేవారం దాకా ఆగుతానందా అల్లుడూ?"

గార్డు నవ్వి, మనుషుల్ని తెస్తానని ఆమెను బండెక్కించుకుని పోయాడు.

ఎదుటి వాలులో బోడిమచ్చ కనబడుతోంది. పందొమ్మిదేళ్ల కిందట జ్వరమొచ్చి ఒక్క రోజు పడుకున్నాడు. ఊడ్వని ఆ కాస్త చోటులోంచే మంట దూరింది. మళ్లీ అక్కడ చెట్టు లేవలేదు. అతను ఊడ్చింది ఎవరికీ కనబడదు. ఊడ్వనిది మాత్రం ఊరంతటికీ కనబడుతుంది. ఇప్పుడు అతను ఊడుస్తున్న ఈ మట్టి గీతకు లోపల జింకలు ఈనే లోయ ఉంది. తల్లులు పారిపోగలవు. పిల్లలకు ఇంకా కాళ్లు నిలవవు.

మూడు ఊడ్పులు, ఒక అడుగు. ఎడమ చెయ్యి బరువెక్కింది. కుడిచేత్తోనే లాగాడు. చివరి ఆకు నెట్టాక, గీతకు లోపలివైపు చెట్టుకు ఆనుకుని, చెప్పులు విప్పుకుని కూర్చున్నాడు.

గాలి తిరిగింది. మంట చిటపటలాడుతూ వాలు దిగి, ఎర్రమట్టి అంచున తచ్చాడి, చల్లారింది. అతను చూశాడో లేదో.

గార్డు మనుషుల్నీ, ఆమెనూ వెంటబెట్టుకుని వచ్చేసరికి అన్నం గిన్నె మూత తియ్యకుండానే ఉంది.

"చూడండి, ఎంత హాయిగా పడుకున్నాడో! లేవయ్యా, మెతుకు కూడా ముట్టలేదు..." భార్య అతని భుజం తట్టింది. మళ్లీ తట్టింది. తర్వాత ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

దుప్పటిలో పెట్టి నలుగురు మోసుకెళ్లారు. వెనక నడుస్తూ గార్డు ఆఫీసుకు ఫోన్ చేశాడు. "మంట దానంతటదే ఆగింది సార్. అదృష్టం."

చీపురు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎర్రమట్టి మీద పొడుగ్గా పడి ఉంది. కర్ర నున్నటి చోట బూడిద పేరుకుంది. పుల్లల మీద అప్పటికే నాలుగు ఎండుటాకులు రాలి ఉన్నాయి.