గంటకో మూత నీళ్లు

బోరబండలో చంద్రమ్మ చేతివైద్యానికి మంచి పేరుంది. ఆ పేరు పెట్టుకున్నది ఆమే. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ముందు నీళ్లు మాన్పించాలనీ, లోపలికి పోయేది లేకపోతే బయటికొచ్చేదీ ఉండదనీ ఆమె నమ్మకం. తన నలుగురు పిల్లలనూ అలాగే సాకింది. వాళ్లలో ఇద్దరు బతికారు. ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పేది కాదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలైంది. కూతురు మమత హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ ఊడ్చి తుడిచే పని చేస్తుంది. బంద్‌లతో రాకపోకలు కష్టమని కాంట్రాక్టరు ఆడవాళ్లను వారం పాటు లోపలే ఉంచేశాడు. మధ్యలో వెళ్లినవాళ్లు మళ్లీ రానక్కర్లేదన్నాడు. అల్లుడు స్వామి ఆటో పక్కన పెట్టి పొద్దంతా దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. అలా అయిదేళ్ల మనవరాలు స్రవంతి చంద్రమ్మ చేతిలో పడింది.

రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజు అమ్మమ్మా మనవరాలూ అక్కడే తిన్నారు. మర్నాటికి పిల్లకు వాంతులు, నెత్తురు జీరలతో విరేచనాలు పట్టుకున్నాయి. చంద్రమ్మ నీళ్ల బిందె ఎత్తి అటక మీద పెట్టింది.

"అమ్మమ్మా, జర నీళ్లియ్యవే."

"తాగితే మల్ల పోతది బిడ్డా. ఓర్సుకో."

పిల్ల రెండు రోజులు ఓర్చుకుంది. బయట తడి గోడను నాకుతుంటే చంద్రమ్మ వీపు మీద ఒకటి వేసి లోపలికి లాక్కొచ్చింది. మూడోనాటికి విరేచనాలు కట్టాయి. అప్పుడు గంజి పోసింది. రోజూ పక్క తడిపే పిల్ల రెండు రోజులుగా బొంత తడపనేలేదు. మొహం కూడా నిండుగా ఉబ్బింది. పిల్ల ఒళ్లు చేసిందని మురిసిపోయి చంద్రమ్మ బుగ్గన దిష్టి చుక్క పెట్టింది. మమత ఫోన్ చేస్తే, "ఏం ఫికర్ చెయ్యకు, నీ బిడ్డ బొద్దుగైంది" అని చెప్పింది.

మర్నాడు పొద్దున పిల్ల ఎంత పిలిచినా లేవలేదు. స్వామి ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు.

"మూత్రం పోసి ఎన్ని రోజులైంది?" అన్నాడు డాక్టరు.

"నీళ్లు బంద్ వెట్టిన, మూడొద్దుల సంది బొంత తడుపలే సారూ," అంది చంద్రమ్మ గొప్పగా.

డాక్టరు వార్డంతా వినేలా తిట్టాడు. నీళ్లివ్వకుండా పిల్ల కిడ్నీలు పాడు చేశావన్నాడు. సాయంత్రం నాలుగింటికి డయాలసిస్ మెషిన్ ఖాళీ అవుతుంది, అందాకా నిలబడితే పిల్ల దక్కుతుందన్నాడు. స్వామి మమతను తేవడానికి పరుగెత్తాడు. చంద్రమ్మ మంచం పక్కన కూలబడి తన చేతుల వంక చూసుకుంది.

కాసేపటికి నర్సు నాగేశ్వరి వచ్చింది. కృష్ణా జిల్లా మనిషి, ఓపికస్తురాలే. సీసా మూత తీసి చూపించింది.

"చూడండమ్మా, పాపకి గంటకో మూత నీళ్లే ఇవ్వాలి. మూత్రం రావట్లేదు కదండీ, ఎక్కువ తాగితే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఎంత ఏడ్చినా ఇవ్వకండి."

చంద్రమ్మ ఆమె యాస విన్నది గాని మాట వినలేదు. మన నీళ్లు ఆంధ్రావాళ్లు మళ్లించుకుపోయారని శిబిరం మైకులో రెండు వారాలుగా వింటూనే ఉంది. నీళ్లివ్వలేదని డాక్టరు తిట్టాడు, నీళ్లివ్వొద్దని ఈ ఆంధ్రామె అంటోంది. ఎవరి మాట పట్టుకోవాలో తేల్చుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

నర్సు అటు వెళ్లగానే పిల్ల కళ్లు తెరిచింది.

"అమ్మమ్మా, నీళ్లు."

చంద్రమ్మ సీసా ఎత్తి పట్టింది. పిల్ల రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగింది. మళ్లీ అడిగితే మళ్లీ నింపుకొచ్చింది. నాలుగు రోజుల తర్వాత పిల్ల అమ్మమ్మను చూసి నవ్వింది. చంద్రమ్మకు ఏడుపొచ్చింది.

రెండింటికి ఆయాసం మొదలైంది. పిల్ల పడుకోలేక లేచి కూర్చుంది. నోట గులాబీ రంగు నురగ వచ్చింది. డాక్టర్లు పరుగున వచ్చి ఏమేమో చేశారు. మూడున్నరకు నాగేశ్వరి దుప్పటి మొహం మీదికి లాగింది. మెషిన్ ఖాళీ అయిందన్న కబురు ఆ తర్వాత వచ్చింది.

రోడ్డు మీద బంద్‌వాళ్లు ఆటో ఆపేస్తే మమత మిగతా దూరం నడిచి, పని బట్టల్లోనే వచ్చింది. నీళ్లు మాన్పించిన సంగతీ, డాక్టరు అన్న మాటా దారిలో స్వామి చెప్పాడు. ఆమె దుప్పటి తీసి చూసి, మళ్లీ కప్పింది.

"పొయ్యేటప్పుడన్న నా బిడ్డకు నీళ్లిచ్చినవా అమ్మా?"

"ఇచ్చిన బిడ్డా. ఆ నర్సమ్మ వద్దన్నా ఇచ్చిన. రెండు సీసాలు తాగింది."

మమత తల్లి చేతులు కళ్లకద్దుకుని అప్పుడు ఏడ్చింది.

నాగేశ్వరి వంగి మంచం కింది ఖాళీ సీసా తీసింది. ఏదో అనబోయి, మమతను చూసి, ఊరుకుని వెళ్లిపోయింది. ఆమె నోరు మూయించానని చంద్రమ్మ అనుకుంది.