కింది వరస నుంచి

నేను ఒక చెక్క పలకను. పలక అనగానే బడిపిల్లల పలక అనుకునేరు. ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుంటే గానీ లేవను. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల మధ్య ఎల్లర్‌ఫోర్డ్ అని ఓ చిన్న ఊరుంది. ఆ ఊరి చర్చిలో పాత బెంచీలు తీసేసినప్పుడు, ఒక వడ్రంగి వాటి చెక్కలు జతచేసి, చుట్టూ అంచు కట్టి, నా ఒళ్ళంతా మేకులు దిగ్గొట్టి నన్ను తయారు చేశాడు. అంతకుముందు తరాల తరబడి జనం నా మీద కూర్చుని భక్తిగా కునుకు తీశారు. అందుకని మనుషుల బరువు నాకు కొత్త కాదు.

నా ఉద్యోగం ఏడాదికి ఒక్క వారం. ఆ ఊరి నడిమధ్య రాతిగోడలోంచి ఒక ఊట వస్తుంది. ఎప్పుడో కరువులో చుట్టుపక్కల ఊళ్ళు గుక్కెడు నీళ్ళకి అల్లాడిపోతే ఈ ఊట ఒక్కటే ఆగలేదట. ఆ విశ్వాసంతో ఏటా వేసవిలో దానికి పూల అలంకారం చేస్తారు. ముందు నన్ను చెరువులో నానబెడతారు, లేకపోతే పొడి చెక్క మట్టిలోని తడి తాగేస్తుంది. తర్వాత ఉప్పు కలిపి తొక్కిన బంకమట్టి నా మీద మెత్తి, ఆ తడిమట్టి మీద పూలరేకులు ఒక్కొక్కటే అద్ది బొమ్మ చేస్తారు. నన్ను ఊట దగ్గర నిలబెట్టాక పాదిరిగారు వచ్చి దీవిస్తారు. పూలు వాడిపోగానే కడిగేసి ఊరి హాల్లో గోడకి ఆనిస్తారు. మళ్ళీ ఏడాది దాకా నన్ను పట్టించుకునే నాథుడుండడు.

ఎన్ని బొమ్మలు మోశానో! నోవహు ఓడని మోశాను. సింహాల బోనులో దానియేలుని మోశాను. ఆ సింహాలకి మాత్రం బొమ్మ వేసినావిడ పెంపుడు పిల్లి పోలికే వచ్చింది. యుద్ధకాలంలో పూల మీద ధ్యాస ఎవరికుంటుంది? నన్ను తీసుకెళ్ళి కోళ్ళగూటికి గోడగా పెట్టారు. దానియేలుని సింహాలు ఏమీ చెయ్యలేదు గానీ, నన్ను కోళ్ళు పొడిచి పొడిచి వదిలాయి.

యుద్ధం అయ్యాక నన్ను ఆ గూటి నుంచి విడిపించింది ఎడిత్ ఆల్సప్. ఊళ్ళో నూలుమిల్లులో పనిచేసేది. చిన్నప్పుడే ఆ మిల్లు గేటు లోపలికి వెళ్ళింది, మిల్లు మూతపడ్డ రోజునే బయటికొచ్చింది. ఏటా నా మీద బొమ్మ వేసేది, పదిమందిని పోగేసి పూలు అద్దించేది. మాట కటువు, చెయ్యి మెత్తన. ఆ చెయ్యంటే నాకు ఇష్టం.

ఒక చలికాలంలో ఆ మిల్లుని కూలగొట్టేశారు. చిమ్నీ పడినప్పుడు హాల్లో గోడకి ఆనించి ఉన్న నేను కూడా అదిరిపోయాను. అప్పటికే ఎడిత్‌కి చూపు పోతోంది. వెలుగు ఎటుందో తెలిసేది, అంతే.

వేసవి దగ్గరపడ్డాక హాల్లో కమిటీ కూర్చుంది. కమిటీకి పెద్ద హెరాల్డ్ బ్యాగ్‌షా. కిరాణా కొట్టు ఆయనది, పూల పోటీలో బహుమతి కూడా ఏటా ఆయనదే.

"ఈ ఏడు మానేద్దాం. ఎడిత్‌కి కళ్ళు కనపడవు, బొమ్మ వేసేవాళ్ళా లేరు. ఆ పలక నాకిస్తే కోళ్ళగూటికి కప్పు వేసుకుంటాను" అన్నాడు.

మళ్ళీ కోళ్ళు! నా మేకులన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి.

"ఈ ఒక్క ఏడూ కానీ హెరాల్డ్," అంది ఎడిత్. ఆవిడ బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. "మిల్లు బొమ్మ పెట్టాలి. నా బతుకంతా అందులోనే గడిచింది. ఇప్పుడక్కడ గడ్డి మొలుస్తోంది. నేను పోయేలోగా ఒక్కసారి తడిమి చూసుకోవాలి."

అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. "బొమ్మ నేను వేస్తాను."

ఆ చెయ్యి సుగుణమణిది. నరసాపురం నుంచి వచ్చిన నర్సు. ఎడిత్ కాలిపుండుకి కట్టు కట్టడానికి వాళ్ళింటికి వెళ్ళేది. ఎడిత్‌ని 'మామ్మా' అని పిలిచేది. ఆ ప్రాంతంలో ఎదుటిమనిషిని ముద్దుగా 'బాతూ' అంటారు. మొదటిసారి ఎడిత్ అలా పిలిస్తే సుగుణమణి వారం రోజులు ముభావంగా ఉందట. మనం 'బంగారం' అన్నట్టేనని తెలిశాక మళ్ళీ నవ్వింది. ఇక నాకు తెలుగెలా వచ్చిందంటారా? ఆమె పనిచేస్తున్నంతసేపూ తనలో తను మాట్లాడుకుంటుంది. అలా మీదికి వంగి గలగలా మాట్లాడుతుంటే ఏ చెక్కకైనా భాష పట్టుబడుతుంది.

మట్టి తొక్కే రోజు సుగుణమణి బూట్లు, మేజోళ్ళు విప్పేసి గౌను మోకాళ్ళ దాకా ఎత్తి దిగింది. హెరాల్డ్ మర్యాదగా గోడవైపు తిరిగాడు. తర్వాత బొమ్మ గీయడం మొదలైంది. ఎడిత్ చెబుతుంటే ఆమె గీస్తోంది. చుట్టూ చేరినవాళ్ళకి మాత్రం మిల్లు ఎలా ఉండేదో ఏ ఇద్దరికీ ఒక్కలా గుర్తులేదు. గడియారం చర్చివైపని ఒకరు, స్టేషన్‌వైపని ఒకరు గొడవకి దిగారు. ఆ మిల్లు నీడలో పుట్టి పెరిగినవాళ్ళే అందరూ!

"ఏటివైపు ఉండేది," అని తేల్చేసింది ఎడిత్. "ఆ పక్కన యజమాని బంగళా ఒక్కటే ఉంది. మాకు టైము కనిపిస్తే దారం వదిలేసి దాన్నే చూస్తామని ఆయన భయం."

పూలు అద్దడం మొదలైంది. నన్ను బల్లల మీద పడుకోబెట్టారు. సుగుణమణి నడిమధ్య గడియారంతో మొదలుపెట్టి, పైకి చిమ్నీ, ఆకాశం, తర్వాత కిందికి గోడలు, ఏరు, అలా పేర్చుకుంటూ పోయింది. "మా ఇంటిముందు క్రిస్మస్ నక్షత్రం ముగ్గు ఇలాగే వేసేదాన్ని," అని ముచ్చటపడుతోంది. మిగతావాళ్ళు ఆమె వెనకే నడిచారు. ఇన్నేళ్ళూ వాళ్ళని నడిపించింది ఎడిత్ కళ్ళే, సొంతంగా ఎవరూ ఏమీ గమనించుకోలేదు. ఎడిత్‌కేమో కాలునొప్పి ఎక్కువై ఇల్లు కదలలేకపోయింది. వరస తప్పుతోందని నాకు తెలుస్తూనే ఉంది, కానీ నాకు నోరేది?

రేపు దీవెన అనగా మధ్యాహ్నం ఎడిత్ కర్ర పట్టుకుని వచ్చింది. అరచేతిని చిమ్నీ మీద పెట్టి, పై నుంచి కిందికి నిమిరింది. గడియారం దాటి గోడల మీదికి రాగానే ఆ చెయ్యి ఆగింది. మళ్ళీ నిమిరింది.

"వేలికి తగులుతోంది," అంది. "రేకుల అంచులు పైకి చూస్తున్నాయి. పై నుంచి పేర్చుకొచ్చారా?"

"మధ్యలోంచి మామ్మా. ఏమైంది?"

"దీన్ని నిలబెడతారు కదమ్మా. చినుకు పడితే నీళ్ళు రేకుల కిందికి దిగి మట్టంతా జారిపోతుంది."

సుగుణమణి నిలుచున్నచోటే నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. "ఓరి నా తండ్రీ! పెంకుటింట్లో పుట్టి పెరిగాను. పెంకులు నేసేవాళ్ళు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవడం చూడలేదూ? నేలమీద ముగ్గుకి పైనా కిందా ఉండదు. అదే చేతివాటం వచ్చేసింది," అని తెలుగులోనే అనేసింది.

"రేడియోలో రేపు ఎండే అన్నారు. ఎవరికి తెలుస్తుంది, వదిలెయ్యండి," అన్నాడు హెరాల్డ్.

ఎడిత్ కుర్చీ వెతుక్కుని కూర్చుని, కర్ర రెండు చేతులతో పట్టుకుంది. ఆ మొహంలో ఆశ అడుగంటిపోవడం సుగుణమణి చూసింది. గౌను చేతులు పైకి మడిచింది.

"తీసేస్తున్నాను," అంది. "మామ్మ రేపు తడిమేది వానొచ్చినా రాకపోయినా నిలిచే మిల్లే అవ్వాలి. ఉండేవాళ్ళుండండి, లేనివాళ్ళు వెళ్ళండి. ఎవరినీ ఏమీ అనుకోను."

గోటితో మొదటి రేకు లాగింది. ఒకరిద్దరు నిట్టూర్చారు, ఒకావిడ ఏడ్చింది కూడా. కానీ ఎవరూ వెళ్ళలేదు. సుగుణమణి నా అడుగు అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కింది వరస మళ్ళీ మొదలుపెట్టింది. ఎడిత్ పక్కనే కూర్చుని ప్రతి వరసా వేలితో నిమిరి "ఊఁ" అంటేనే పై వరస.

ఆకాశం దాకా వచ్చేసరికి నీలం పూలు అయిపోయాయి. చూస్తే హెరాల్డ్ కూడా కనబడలేదు. మెల్లగా జారుకున్నాడులే అనుకున్నాం. కాసేపటికి బుట్టతో వచ్చాడు. ఆ బుట్టనిండా నీలం హైడ్రాంజియాలు, పోటీకని ఆయన పసిపిల్లల్లా సాకినవి. ఎవరి మొహమూ చూడకుండా బల్లమీద పెట్టి, "ఎటూ వాడిపోయేవేగా," అని గొణిగి తనూ రేకులు తుంచడానికి కూర్చున్నాడు. నా కోళ్ళ పగ ఆ క్షణంతో తీరిపోయింది. అక్కడ వేసవి పొద్దు ఓ పట్టాన గుంకదు. వెలుగు ఉండగానే ఆఖరి రేకు పడింది.

మర్నాడు నన్ను ఊట దగ్గర నిలబెట్టారు. పాదిరిగారు పుస్తకం తెరిచారో లేదో, వాన! రేడియో చెప్పిన ఎండ ఏ ఊళ్ళో కాసిందో గానీ మా మీద మాత్రం కుండపోత. అందరూ గొడుగుల కిందనుంచి నన్నే చూస్తున్నారు. నీళ్ళు ఆకాశం మీంచి చిమ్నీ మీదికి, గోడల మీదుగా ఏట్లోకి జారి నేల మీద పడ్డాయి. ఒక్క రేకు కదలలేదు. ఆ సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది.

సుగుణమణి చెయ్యి పట్టుకుని ఎడిత్ ముందుకొచ్చింది. తడుముకుంటూ గడియారం దగ్గరినుంచి బంతిరేకుల కిటికీల మీదికి వెళ్ళింది. వరసలో చివరి కిటికీ దగ్గర వేలు ఆగింది.

"ఇది నాది. నేను నిలబడిన చోటు," అంది. వాననీళ్ళలో ఆ మొహం మీద కన్నీళ్ళు వేరుగా కనిపించలేదు. "ఈ సందులోంచి వాన లోపలికి కొట్టేది. బాగుచేయించమని యజమానిని ఎంత అడిగినా చెయ్యలేదు. నువ్వు చేశావు బాతూ. ఇవాళ లోపల చుక్క పడలేదు."

ఎడిత్ పోయి చాలా ఏళ్ళయింది. హెరాల్డ్ కోళ్ళగూటికి రేకు కప్పు వేయించుకున్నాడు. ఈ వేసవి నా మీద రైల్వేస్టేషన్ బొమ్మట. దాన్నీ ఎత్తేశారు మరి. సుగుణమణి జుట్టు నెరిసింది, వంగడం కష్టంగానే ఉంది, అయినా కింది వరస ఆమే వేస్తుంది. నిన్న ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ఒకావిడ అడిగింది, ఆకాశం అంత అందంగా ఉంటే ముందు దాంతోనే మొదలుపెట్టొచ్చు కదా అని.

సుగుణమణి తలెత్తకుండానే చెప్పింది: "వద్దమ్మా. మామ్మ మీద వాన పడుతుంది."