నడుం కింద చెయ్యి

నేను ఒక పరుపును. ఎగిరేవాళ్లు పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే రకం. విశాఖ ఆటోనగర్‌లోని ఓ షెడ్డులో ఫోము పలకలు అతికించి, నీలం రెక్సిన్ తొడిగి నన్ను తయారుచేశారు. కుట్టినాయన నన్ను పిడికిలితో గుద్ది, "ఏనుగు పడినా ఏటీ అవ్వదు" అన్నాడు. మనుషుల మాట నేను నమ్మింది ఆ ఒక్కసారే.

మొదట ఓ జిమ్నాస్టిక్స్ హాలుకు చేరాను. అక్కడి కోచ్ పిల్లల నడుం కింద చెయ్యి వేసి, "పట్టుకున్నా, పట్టుకున్నా" అంటూనే చడీచప్పుడు లేకుండా వదిలేసేవాడు. అలాగైతేనే భయం పోతుందని ఆయన నమ్మకం. ఓరోజు హైందవి అనే పిల్ల సగం నా మీద, సగం గచ్చు మీద పడింది. మణికట్టు విరిగింది. తర్వాత పిల్లలు రావడం మానేశారు. హాలు మూతపడి, నేను ఎంవీపీ కాలనీలో ఓ డాన్స్ స్కూలుకు అమ్ముడుపోయాను.

కొన్నేళ్లకు జాజ్ నేర్చుకుంటానంటూ అక్కడికి హైందవే వచ్చింది. కాలేజీ పిల్లయింది. అన్నీ ఇట్టే పట్టేసింది గానీ ఏరియల్ దగ్గర ఆగిపోయింది. అందులో చేతులు నేలకు ఆనించకుండా గాలిలో పక్కకు చక్రంలా తిరిగి నిలబడాలి. టీచరు సుహాసిని నన్ను లాక్కొచ్చి పరిచి, "నడుం దగ్గర నేను పట్టుకుంటా" అంది.

హైందవి ఓ అడుగు వెనక్కి వేసింది. "మధ్యలో వదిలేస్తారా మేడమ్?"

"వదిలే రోజు ముందే చెప్తానమ్మా."

వదిలేవాళ్లు చెప్పి వదులుతారా? నేను నమ్మలేదు. హైందవీ నమ్మలేదు. తిరుగుతూ తిరుగుతూ ఆ చెయ్యి ఉందో లేదోనని చూసుకునేది, వంకరగా దిగేది. సుహాసిని కసరలేదు. మళ్లీ మొదటికి తీసుకెళ్లింది. ముందు రెండు చేతులూ ఆనించి, తర్వాత ఒంటిచేత్తో, ఆ తర్వాతే తన ఆసరాతో గాలిలో. మడమ నొప్పన్న రోజు ఎగరనివ్వనేలేదు. అంత మంచితనం చూస్తే నాకు అనుమానం ఇంకా పెరిగింది.

ఓ సాయంత్రం, "రేపు వదులుతాను" అని చెప్పేసింది సుహాసిని.

మర్నాడు హైందవి రాలేదు. ఆ వారమంతా రాలేదు. "తొందరపడ్డానా?" అని నన్ను గోడకు చేరవేస్తూ సుహాసిని గొణుక్కుంది. ఇది కూడా నటనేమో అనుకున్నాను.

తిరిగొచ్చిన రోజు హైందవి చెప్పులు విప్పుతూనే అంది: "ఇవాళ పట్టుకోకండి. నేనే చెప్తున్నా."

పరుగున వచ్చి ఎగిరింది. పాదాలు ఒకదాని వెంట ఒకటి నా మీద దిగాయి, మోకాళ్లు మెత్తగా వంగాయి. నిలబడింది. నిలబడగానే గిరుక్కున వెనక్కి తిరిగింది.

"నిజం చెప్పండి. పట్టుకున్నారు కదూ?"

సుహాసిని నా అంచు దాటి అవతల, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. "నువ్వేగా వద్దన్నావు!"

ఆ దూరాన్ని హైందవి కళ్లతో కొలిచింది. నేనూ కొలిచాను. ఆవిడ చెయ్యి అందే దూరం కాదది.