నన్నడిగావా?

దేవదానం పుట్టకముందే అతని బతుకు ఎవరికి చెందాలో తేలిపోయింది. తండ్రి జ్ఞానయ్య నెలలు నిండిన భార్యను దోనెలో ఏలూరు ఆస్పత్రికి తీసుకొస్తుంటే కొల్లేరు మధ్యలో గాలివాన పట్టుకుంది. గడ చేతిలోంచి జారిపోయింది. జ్ఞానయ్య ఆకాశంకేసి చూసి, "ప్రభువా, ఒడ్డున పడేస్తే పుట్టే బిడ్డ నీదే" అని మొక్కుకున్నాడు. ఒడ్డున పడ్డారు. బిడ్డ పుట్టాడు. మొక్కుకు తగ్గట్టే పేరూ పెట్టారు.

జ్ఞానయ్య కొల్లేటిలోని ఒక లంకగ్రామానికి ఉపదేశి. పాస్టరు అయ్యగారు ఎప్పుడో వచ్చి వెళితే, మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది ఆయనే. కోడి పెట్టిన తొలి గుడ్డు, కళ్ళంలో తొలి గంప ధాన్యం గుడికి తెచ్చి ఇచ్చే ఊరది. అలా ఇచ్చినదాన్ని మళ్ళీ ఇంటికి పట్టుకుపోవడం అక్కడ ఎవరూ ఎరగరు. దేవదానమూ వాళ్ళ లెక్కలో అలాంటి తొలి గుడ్డే. తోటి పిల్లలు జామకాయలు దొంగిలిస్తే వీపులు పగిలేవి. అతను దొంగిలిస్తే, "చిన్నయ్యగారు కోసుకున్నారు, పోన్లే" అనేవారు. ఒక్క దెబ్బా తినకుండా పెరిగిన పిల్లవాడి కష్టం ఎవరితో చెప్పుకుంటే అర్థమవుతుంది?

పద్దెనిమిదేళ్ళు వచ్చాయి. ఏలూరు మిషను హైస్కూల్లో ఆఖరి తరగతి. వేసవి కాగానే పాదిరీలను తయారుచేసే సెమినరీలో చేరాలి. అతనికి ఇష్టం లేదు. దేవుడంటే కోపమేం లేదు. బోర్డింగులో అందరూ మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నప్పుడు అతనికి పిలుపేదీ వినపడేది కాదు, ఎవరో ఇద్దరు మనుషులు వాదులాడుకుంటున్న మాటలు వినపడేవి. వాటిని కాగితం మీద పెట్టాలనిపించేది. కాలేజీలో చదవాలి, నాటకాలు రాయాలి, అంతే. ఈ మాట తండ్రితో చెబుదామని ప్రతి సెలవులకూ నోరు తెరిచేవాడు. జ్ఞానయ్య చెడ్డవాడైతే ఎప్పుడో చెప్పేసేవాడు. కొడుకు కంచంలో చేపముక్క వేసి తను ఉత్త పులుసు పోసుకునే మనిషి ఆయన. అలాంటివాడి ముందు 'వద్దు' అనడం ఎంత కష్టమో అనాల్సొచ్చినవాడికే తెలుస్తుంది.

చెప్పలేని మాటను నాటకంగా రాశాడు. గాలివానలో చిక్కుకున్న పడవవాడు, తాడు విసిరి కాపాడిన జమీందారుకు పుట్టబోయే బిడ్డను నౌకరుగా ఇస్తానంటాడు. దేవుణ్ణి స్టేజీ ఎక్కిస్తే హెడ్మాస్టరు క్రీస్తుదాసుగారు చెవి మెలేస్తారు కాబట్టి జమీందారును ఎక్కించాడన్నమాట. ఆఖరి రంగంలో కొడుకు, "మాటిచ్చింది నువ్వు. నన్నడిగావా?" అంటాడు. తండ్రి, "లేదు బాబూ, అడగలేదు. తప్పు నాది. నీ దారిన నువ్వెళ్ళు" అంటాడు. తెర.

కొడుకు వేషం తనే కట్టాడు. తండ్రి వేషం స్నేహితుడు తోమాది.

"ఏ తండ్రైనా ఇంత తేలిగ్గా వదిలేస్తాడేంట్రా?" అన్నాడు తోమా రిహార్సల్లో.

"వదుల్తాడు. నువ్వు గట్టిగా చెప్పు చాలు" అన్నాడు దేవదానం. చెప్పేది తోమా అయినా, వినాల్సింది జ్ఞానయ్య. అది విన్నాక ఇంటికెళ్ళి మాట కదపొచ్చని అతని ఆశ.

వార్షికోత్సవం నాటి సాయంత్రం జ్ఞానయ్య ఊళ్ళో సగంమందిని వెంటబెట్టుకొచ్చి ముందు చాపమీద కూర్చున్నాడు. స్టేజీమీద నీలం దుప్పట్లు ఊపి కొల్లేరును లేపారు. తోమా గడ జారవిడిచాడు.

"అది నేనేనర్రా!" అని కేక పెట్టాడు జ్ఞానయ్య. "ఆ దోనె నాదే!"

ఆడవాళ్ళు పైట చెంగులు కళ్ళకు పెట్టుకున్నారు. తెర పక్కనుంచి చూస్తున్న దేవదానానికి ఒళ్ళు పులకరించింది. తండ్రికి అర్థమైంది, ఇంకేం కావాలి!

ఆఖరి రంగం వచ్చింది. అతను తోమాను చూడలేదు, ముందు చాపవైపే చూశాడు.

"మాటిచ్చింది నువ్వు. నన్నడిగావా?"

అతను చూసినవైపే తోమా కూడా చూశాడు. ముసలాయన వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. తోమాకు వచ్చిన మాటలన్నీ ఎగిరిపోయాయి. "లేదు బాబూ... లేదు బాబూ..." అని క్రీస్తుదాసుగారు తెర వెనకనుంచి అందించారు. తోమాకు తప్ప హాలంతటికీ వినపడింది.

జ్ఞానయ్య లేచి నిలబడ్డాడు.

"లేదు నాయనా, అడగలేదు" అన్నాడు.

దేవదానం ఒక అడుగు ముందుకు వేశాడు. రాసిన మాటే! నాన్న ఇంకొక్క మాట అనేస్తే తను గట్టెక్కినట్టే.

"కడుపులో ఉన్నవాడివి, నిన్నెట్టా అడిగేది?" అన్నాడు జ్ఞానయ్య. "ఇప్పుడడుగుతున్నాను. ఇంతమంది ముందరా అడుగుతున్నాను. దేవుడి పనికి వెళతావా నాయనా?"

అడగలేదనే కదా అతని గొడవంతా! అడిగారు. ఊరంతా తల ఎత్తి చూస్తోంది. ఆ గాలివాన నాడు వాళ్ళ కోసం గుడిలో మోకాళ్ళ మీద కూర్చున్న లిడియమ్మ రెండు చేతులూ జోడించింది. పడవవాడికి, జమీందారుకి, జమీందారు బంట్రోతుకి కూడా మాటలు రాసినవాడు, తనకు ఇక్కడ అనడానికి ఒక్క మాటా రాసుకోలేదు. 'వద్దు' అనుకున్నాడు. పెదవులు కదిలాయి కూడా.

"వెళతానండి" అన్నాడు.

"స్తోత్రం!" అని హాలు మారుమోగింది. లిడియమ్మ కీర్తన ఎత్తుకుంది, ఊరు అందుకుంది. తెర లాగాల్సినవాడు ఆఖరి మాట కోసం తాడు పట్టుకుని కాచుక్కూర్చున్నాడు. ఆ మాట ఎవరూ అనలేదు కాబట్టి తెర పడలేదు. కీర్తన అయ్యేదాకా దేవదానం అందరి ముందూ అలాగే నిలబడ్డాడు. పారిపోవాలనిపించింది.

అంతా అయ్యాక తండ్రీకొడుకులు కాలవగట్టున పడవల రేవుకేసి నడిచారు. జ్ఞానయ్య భుజాన సంచి వేలాడుతోంది. ఊరివాళ్ళు పాడుకుంటూ వెనక వస్తున్నారు.

"ఇన్నేళ్ళూ నాకదే బెంగ నాయనా" అన్నాడు జ్ఞానయ్య. "నీదైన బతుకును నేను మొక్కేశానేమోనని రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. ఆ నాటకం చూస్తుంటే నువ్వు వద్దంటావనే అనుకున్నాను. వద్దంటే అయ్యగారి కాళ్ళు పట్టుకునైనా నేనే సర్దిచెబుదామనుకున్నాను." హాయిగా నవ్వాడు. "బతికించావు."

దేవదానం ఆగిపోయాడు. అంత తేలికైన మాట ఇంతకాలం మోశాడు, దించుకోవలసిన చోటే మెడకు కట్టేసుకున్నాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు. కానీ ఆ నవ్వుముఖం చూస్తే ఏడుపొచ్చింది.

"నాన్నగారూ..."

"చెప్పు నాయనా."

వెనక పాట దగ్గరైంది.

"ఆ సంచి ఇటివ్వండి" అన్నాడు దేవదానం. "నేను పట్టుకుంటాను."