తిమోతి రాసిన సమయాలు

ఇంకా తెల్లవారలేదు. నంద్యాల చర్చి గేటు ముందు ముప్పై మంది దాకా చేరారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో నాలుగో శనివారం వీళ్లు ఆళ్లగడ్డకు నడిచిపోతారు. దాదాపు నలభై కిలోమీటర్లు. సాయంత్రం అక్కడి చర్చిలో ప్రార్థన చేసి, రాత్రి అక్కడే పడుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక బస్సుల్లో వెనక్కి వస్తారు. సర్వేయరు తిమోతి పదకొండేళ్లు విడవకుండా నడిచాడు. పోయిన ఆగస్టులో గుండె ఆగి చనిపోయాడు. ఈ ఏడాది ఆయనకు బదులుగా భార్య ఎలిజబెత్ వచ్చింది.

ఎలిజబెత్ హైస్కూల్లో తెలుగు టీచరు. యాభై నాలుగేళ్ల మనిషి. బడికీ చర్చికీ తప్ప ఎక్కువ దూరం నడిచింది లేదు. ఆమె చేతిసంచిలో చిన్న చీటీ ఉంది. తిమోతి బైబిల్లో దొరికింది. పోయిన ఏడాది నడక సమయాలు పెన్సిలుతో రాసుకున్నాడు. బయలుదేరింది నాలుగు. సిరివెళ్ల మెట్ట పదిన్నర. ఆళ్లగడ్డ పన్నెండున్నర. ఊళ్ల పొలిమేరలు కొలిచి బతికిన మనిషి. ఆయన అడుగుకూ అడుగుకూ తేడా రాదని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. ఆయన చేరిన వేళకే తానూ చేరాలని ఎలిజబెత్ అనుకుంది. కాళ్ల మీదే చేరాలి. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

"టీచరమ్మా, కాళ్లు నొప్పి పుడితే ఆటో ఉండాది. అబ్రహాము ఎనకనే వస్తాంటాడు. సిగ్గుపడాకు," అన్నాడు సంఘపెద్ద యాకోబు.

"ఆయప్ప ఆటో ఎక్కితే నడుం ఇరుగుతాది. దానికన్నా నడకే నయం," అంది ఏసమ్మ. మిరప కోతలకు పోయే ముసలామె. నడిచేవాళ్లలో అందరికన్నా పెద్దది.

"నిన్నెక్కిస్తే నా బండి టైరు నిలబడతాదా?" అన్నాడు అబ్రహాము.

నవ్వులు అయ్యాక పాట మొదలైంది. నడక సాగింది.

ఊరు దాటేసరికి ఎడమ పక్క నల్లమల కొండలు మసకగా తేలాయి. శనగ పీకేసిన నల్లరేగడి చేలు ఇంకా నిద్రలోనే ఉన్నట్టున్నాయి. ఎలిజబెత్ తన మామూలు అడుగు కన్నా జానెడు ఎక్కువ వేసింది. అది తిమోతి అడుగు. కొంతసేపటికి ఆమె అడుగుల చప్పుడు మధ్య మరో అడుగు చప్పుడు వినిపిస్తున్నట్టు అనిపించింది. వెనక్కి చూడలేదు. చూస్తే ఆగిపోతుందేమోనని భయం.

పొద్దెక్కాక రోడ్డు పక్క హోటల్లో అందరూ బొరుగుల ఉగ్గాని తినడానికి కూర్చున్నారు. ఆమె కూర్చోలేదు. చీటీలో ఉగ్గాని లేదు. "రెండు ముద్దలు తిని పోమ్మా," అని యాకోబు పిలుస్తున్నా చెయ్యి ఊపి ముందుకు పోయింది. అరగంట పాటు రోడ్డు మొత్తం ఆమెదే. కొండలు ఆమెతో సమానంగా నడిచాయి. కాలువలో నీళ్లు ఆమె కన్నా నెమ్మదిగా పోతున్నాయి. లోపల ఎక్కడో చాలా రోజులకు చిన్న సంతోషం కలిగింది.

తర్వాత మడమ మీద చర్మం మండడం మొదలైంది. మోకాలు బిగిసింది. ఒకరి తర్వాత ఒకరు ఆమెను దాటిపోయారు. పాట దూరమై, గొంతులు మాత్రమై, చివరికి అవీ ఆగిపోయాయి. ఎండ ముదిరింది. దూరంగా తారు మీద నీళ్లు మెరిశాయి. ఆ నీళ్లలో తెల్లచొక్కా వేసుకున్న మనిషి వీపు కనిపించింది. ఆమె అడుగు పెంచింది. దగ్గరికి పోతే అది కిలోమీటరు రాయి. దాని తల మీద చెయ్యి పెట్టి ఊపిరి తీసుకుంది. రాయి వెచ్చగా ఉంది.

"యాడికి తల్లీ పొద్దున అట్ల ఉరికితివి? పులేమన్నా ఎంట పడిందా?"

ఏసమ్మ. చీర కొంగు నెత్తిన వేసుకుని, సొంత చేనుకు పోతున్నంత తీరిగ్గా వస్తోంది.

"టైమయిపోతోంది ఏసమ్మక్కా," అంది ఎలిజబెత్. చీటీ తీసి చదివి వినిపించింది. "ఆయన పన్నెండున్నరకంతా ఆళ్లగడ్డలో ఉన్నారు. నేను ఇంకా మెట్టే చేరలేదు."

"పన్నెండున్నరకా?" ఏసమ్మ నవ్వబోయింది. ఎలిజబెత్ ముఖం చూసి నవ్వు ఆపుకుంది. పక్కనున్న మోరీ గట్టు చూపించి, "ఈడ కూచో," అంది.

ఇద్దరూ కూర్చున్నారు. ఏసమ్మ చాలాసేపు తన కాళ్లు నొక్కుకుంది.

"అది ఆటో పోయిన టయిము తల్లీ. సారు రెండేండ్ల నుంచి మెట్ట కాడ ఆటో ఎక్కుతాండె. ఆయాసం. రొప్పుతాండె పాపం. ఆటో అందరికీ నీళ్లిచ్చుకుంటా ఆగి ఆగి పోతాది గదా, అందుకే అంత పొద్దు పడతాది. ఊరి ముందర దిగి, మనోళ్లొచ్చేదాకా కూచోని, వాళ్లతో కల్సి లోపలికి పోతాండె. మా టీచరుకు చెప్పాకండి, చెప్తే మళ్లా రానీదు అని అందరి కాడా మాట తీసుకున్యాడు."

ఎలిజబెత్ చీటీ వైపు చూసింది. రాసింది అబద్ధం కాదు. చేరిన సమయమే రాశాడు. ఎలా చేరాడో రాయలేదు.

పోయిన ఏడాది ఇంటికి వచ్చాక తొట్టిలో వేడినీళ్లు పోసి ఆయన కాళ్లు పెట్టించింది. ఒక్క బొబ్బ లేదు. "ఈసారి కాళ్లు భలే ఉన్నాయే," అంది. "అలవాటైపోయింది," అన్నాడు ఆయన. మర్నాడు స్టాఫ్ రూములో ఆ మాట గొప్పగా చెప్పుకుంది కూడా. తెలిసి ఉంటే అదే వారం కర్నూలుకు తీసుకుపోయి గుండె చూపించేది.

"మేం చెప్పాల్సిండె. తప్పయిపాయె," అంది ఏసమ్మ.

"ఆయన మాట తీసుకున్నారు కదక్కా," అంది ఎలిజబెత్. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా గాలి వచ్చి ఇద్దరి చీరలనూ కదిపింది.

సిరివెళ్ల మెట్ట చేరేసరికి రెండు దాటింది. అందరూ ఎప్పుడో పోయారు. వెనకబడిన వాళ్ల కోసం యాకోబు, అబ్రహాము ఆటో పెట్టుకుని కాచుకున్నారు. సాయంత్రం అందరూ కలిసి పాడుకుంటూ చర్చిలోకి పోవాలి. అది ఈ నడకకు మొదటి నుంచీ ఉన్న పద్ధతి.

"ఎక్కమ్మా. ఇంకా పదైదు కిలోమీటర్లుండాది," అన్నాడు యాకోబు.

"నేను ఎక్కను యాకోబన్నా."

"పార్థనకు అందుకోలేవు."

"అందుకోలేను."

యాకోబు ఏసమ్మ వైపు చూశాడు. చెప్పేసిందని తెలుసుకున్నాడు. గొంతు తగ్గించాడు. "సారు గూడా ఈడనే ఎక్కినాడమ్మా. దాంట్లో తప్పేముండాది?"

ఎలిజబెత్ ఆటో వెనక సీటు వైపు చూసింది. పోయిన ఏడాది ఆయన అక్కడే కూర్చున్నాడు. ఆయన చేసినట్టే చేయాలంటే ఇప్పుడు ఎక్కాలి. ఆ సీటు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఉంచింది.

"తప్పు లేదన్నా. ఆయన కాళ్లు ఇక్కడి దాకా వచ్చాయి. నావి ఇంకా వస్తాయి. నిదానంగా వస్తాయి."

"యాడ పండుకుంటావ్ మరి?"

"నా చెల్లెలిల్లు ఈడనే గదా. నేనెప్పుడూ రెండు దినాలు నడిచేదే. నాతో ఉంటాదిలే," అంది ఏసమ్మ.

"ఈమె మాటిని నువ్వు గూడా చెడిపోతాండావ్ టీచరమ్మా. రెండు దినాలు నడిస్తే అదేం నడక?" అన్నాడు అబ్రహాము.

"మూడు చక్రాల మింద కూచోని నాకు నడక నేర్పుతాండాడు సూడు!" అంది ఏసమ్మ.

ఆటో పోయింది. దుమ్ము నెమ్మదిగా దిగింది.

ఆ రాత్రి ఎలిజబెత్ కలలు లేని నిద్ర పోయింది. తెల్లవారుజామున మడమకు గుడ్డ చుట్టుకుని ఏసమ్మతో కలిసి బయలుదేరింది. ఏసమ్మ ప్రతి మలుపులోనూ ఆగింది. తెలిసిన ఇల్లు కనిపిస్తే పలకరించింది, మేకను చూసి ధర అడిగింది. ఎలిజబెత్ ముందుకు పోయి నిలబడి, మళ్లీ ముందుకు పోయి నిలబడింది. నిలబడిన ప్రతిసారీ మోకాలు బిగుసుకుంది.

"పో తల్లీ! నాకోసం నిలబడాకు," అని వెనక నుంచి ఏసమ్మ కేకేసింది. "నువ్వు నిలబడితే నన్నెవురో తరుముతాన్నట్టుండాది. నేను ఎప్పుడో వస్తా."

ఎలిజబెత్ ఒక్కతే నడిచింది. మొదట్లో వింతగా ఉంది. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. తన అడుగు ఎంత పొడవో తనకే తెలియదు. ఎంత వస్తే అంతే వేసింది. ఊపిరి లోపలికి రెండడుగులు, బయటికి మూడడుగులు పట్టింది. కాసేపటికి అదీ లెక్కపెట్టడం మానేసింది. కొండల మీద పొగమంచు అరటితోటల దాకా దిగి, ఎండ తగలగానే లేచిపోయింది. చేలో ఎవరో నీళ్లు తిప్పుతున్నారు. నీళ్లు ఒక పాయలో నుంచి మరో పాయలోకి మారిన చప్పుడు విని, నచ్చి, అది ఆగే దాకా నిలబడింది. తర్వాత కదిలింది. తిమోతి గుర్తుకు వచ్చాడు, పోయాడు, మళ్లీ వచ్చాడు. వచ్చినప్పుడు ఆయన కూడా తొందరపడలేదు.

ఒక బస్సు పక్కన ఆగింది. "ఆళ్లగడ్డేనా? ఎక్కమ్మా, ఎండెక్కతాండాది," అన్నాడు కండక్టరు.

"వద్దు నాయనా. దగ్గరికి వచ్చేశాను," అంది. నిజానికి ఇంకా దూరమే ఉంది.

ఆళ్లగడ్డ మొదట్లో శిల్పుల షెడ్లు వచ్చాయి. ముఖాలు ఇంకా తేలని రాతి విగ్రహాలు రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. ఉలి ఆపి ఒకాయన అడిగాడు.

"యాన్నుంచమ్మా నడుస్తాండావ్?"

"నంద్యాల నుంచి."

"నంద్యాల నుంచా! ఎన్ని గంటలకు లేచినావ్?"

"నిన్న," అంది ఎలిజబెత్.

ఆయన తలూపి కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. నిలబడే తాగింది.

చర్చి చేరేసరికి ఆరాధన ముగిసింది. జనం బయటికి వస్తున్నారు. యాకోబు ఆమెను చూసి పక్కవాళ్ల భుజాలు తట్టి దారి ఇప్పించాడు. ఎలిజబెత్ మెట్ల కింద చెప్పులు విడిచింది. మడమకు చుట్టిన గుడ్డ విప్పింది. వచ్చేవాళ్లకు ఎదురుగా, ఖాళీ అవుతున్న చర్చిలోకి, చల్లటి బండల మీద నెమ్మదిగా నడిచిపోయింది.