కడుపులో లేచినవాడు

"రెండు క్యాన్లూ ఒకేసారి తెచ్చెయ్. ఒక్కొక్కటే మోసుకుంటూ కూర్చుంటే టీ ఎప్పుడు పెడతావు?" అన్నాడు మొహా, గుమ్మంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

వాడి పెళ్ళాం తూడా అప్పుడే పట్నం ఆసుపత్రి నుంచి వచ్చింది. సంత బండి దిగి, కొండెక్కి, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. నడుము నొప్పని వెళితే డాక్టరమ్మ పొట్ట మీద యంత్రం పెట్టి చూసింది. చూసి, నవ్వడం మానేసింది.

"గుండె నుంచి కిందికొచ్చే పెద్ద రక్తనాళం కడుపులో ఉబ్బిందట. బరువులెత్తితే పగులుతుందట. వచ్చే గురువారం రమ్మంది, కోసి బాగుచేస్తారట" అని చెప్పింది తూడా.

"పగిలేదైతే ఈపాటికి పగిలేది" అన్నాడు మొహా. "కోతలంటే వాళ్ళకు సరదా. నీళ్ళు తే."

తెచ్చింది. ముప్పై ఏళ్ళుగా తెస్తోంది. ఊట దగ్గర్నుంచి ఎక్కేటప్పుడు లోపల ఏదో కొట్టుకుంది. గుండె ఉన్నచోట కాదు, బొడ్డు పైన. ఇన్నాళ్ళూ అది అలసట అనుకుంది. ఇప్పుడు పేరు తెలిశాక, ఎవరో తన వెనకే అడుగులేస్తున్నట్టు ఉంది. తను ఆగితే అదీ నెమ్మదిస్తోంది.

సాయంత్రం అత్త రఖియా ఆలివ్ నూనె గిన్నె పట్టుకొచ్చి, "పడుకో, నడుము రుద్దుతా" అంది. ఎన్నడూ లేనిది. రుద్దుతూ రుద్దుతూ చెయ్యి పొట్ట మీదికి వచ్చింది. ఆగిపోయింది. ముసలిదాని మొహంలో నెత్తురు లేదు. గట్టిగా, గుమ్మందాకా వినబడేలా అంది:

"మొహా! నీ కొడుకు లేచాడురా!"

ఆ కొండల్లో కడుపులో బిడ్డ కదలడం మానేస్తే పోయాడనరు, నిద్రపోయాడంటారు. ఏళ్ళకేళ్ళు నిద్రపోయి, ఎప్పుడో ఒకనాడు లేస్తాడట. తూడాకి పెళ్ళయిన రెండో ఏట ఒకడు అలా నిద్రపోయాడు. మళ్ళీ కడుపు పండలేదు. ఇప్పుడామెకు నెలసరి కూడా ఆగిపోయింది.

మొహా వచ్చి చెయ్యి వేశాడు. లోపల్నుంచి అరచేతిని కొట్టింది. వాడి కళ్ళల్లో నీళ్ళు.

మర్నాడు నీళ్ళకి మొహా వెళ్ళాడు. ఊట దగ్గర ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "ఏం మొహా, గడ్డం ఇంట్లోనే మర్చిపోయొచ్చావా?" అందొకత్తె. వాడు నవ్వేశాడు. రొట్టె కాల్చాడు, మాడ్చాడు, మాడినది తను తిన్నాడు. తూడాని గొర్రెతోలు మీద కూర్చోబెట్టి, కాళ్ళకింద దిండు పెట్టాడు. అత్త రోజూ ఒక గిన్నె పాలు ఎక్కువ పోసి, పొట్టకేసి వంగి పిలిచేది. "అయ్యా, నా తండ్రీ..."

పిలిచినప్పుడల్లా అది జోరుగా కొట్టుకునేది.

తూడాకి భయమేసింది. తెర మీద డాక్టరమ్మ చూపించిన నల్లటి ఉబ్బు తన కళ్ళతో చూసింది. తెలుసు. తెలిసీ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, "ఆకలా?" అని అడిగింది. అడిగిన తన గొంతు తనకే వేరేవాళ్ళ గొంతులా వినబడింది. పందొమ్మిదేళ్ళప్పుడు నిజంగా కడుపుతో ఉన్నా ఇలాంటి దిండు పెట్టినవాళ్ళు లేరు. జబ్బంటే ఎవరూ లేవలేదు, కొడుకనేసరికి ఇల్లంతా లేచింది. ఈ దయంతా తన ఒంటిని దాటి లోపలికి పోతోంది, దారిలో తనమీద ఒక్క చుక్క పడటంలేదు. అయినా దిండు మెత్తగా ఉంది. ఇలాగే ఉండిపోతే? పగిలేదాకా ఉండిపోతే?

బుధవారం నొప్పి నడుములోంచి తొడలోకి దిగింది.

"రేపు ఆసుపత్రికి పోవాలి" అంది.

పొట్టకి చెవి ఆనించి ఉన్న మొహా తల ఎత్తాడు. "కత్తి పెట్టిస్తావా? లేచినవాడి మీదా? నువ్వు కదిలితే ఊరుకోను." మళ్ళీ చెవి ఆనించాడు. "అమ్మా అంటున్నాడే."

"వాణ్ణే అడుగు, నా పేరేంటో" అంది తూడా.

మొహా నవ్వాడు. జోకనుకున్నాడు.

తెల్లారి వాడు ఊటకి వెళ్ళగానే తూడా చెప్పులు తొడుక్కుంది. అత్త చూస్తోంది. అరుస్తుందనుకుంది. అరవలేదు, చేతికర్ర తీసుకుని వెంట బయల్దేరింది. ఇద్దరూ కొండ దిగారు. మలుపులో సంత బండి ఆగి ఉంది. తూడా ఎక్కి కూర్చుంది.

ముసలిది కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె పొట్ట మీద పెట్టింది. ఈసారి పిలవలేదు.

"బిడ్డ కాదని నాకు మొదటిరోజే తెలుసే" అంది, చెవిలో. "మా అక్కకీ ఇక్కడే, ఇలాగే కొట్టుకునేది. నీళ్ళు మోస్తూ దారిలో పడిపోయింది. కోస్తే బతుకుతారంటే నేను నమ్మలేదు. పోయేలోపు నువ్వైనా నాలుగురోజులు కూర్చుంటావని అలా చెప్పా. జబ్బంటే వాడు క్యాను ముట్టుకునేవాడా?"

తూడా ఆ చేతిని పట్టుకుంది. కింద అది కొట్టుకుంటూనే ఉంది, ఇద్దరి వేళ్ళనీ ఎగరేస్తూ.

బండి కదలబోతోంది. పైన దారిమీద మొహా కేకలు వినబడుతున్నాయి.

"బతికితే నేనిటు రానత్తా" అంది తూడా.

ముసలిది చెయ్యి తీసేసింది.

"రాకు" అంది.